సిసాకెట్ అగ్నిపర్వత దురియన్: ఎంచడం, కోయడం, తినడం

జూన్ వచ్చిందంటే బ్యాంకాక్‌లో ఉన్న తెలుగువాళ్ళ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, సిసాకెట్ దురియన్ అని స్టిక్కర్ ఉంది, కొనేయమంటారా?" దురియన్ అంటే ఒళ్ళంతా ముళ్ళతో, ఘాటైన వాసనతో ఉండే పండు. నేను థాయిలాండ్ ఈశాన్యంలోని ఉబోన్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. దురియన్ తోటలున్న కంథరాలక్ మాకు కారులో గంటన్నర దూరం. పైగా పుట్టింది కడియపులంకలో, మొక్కల మధ్యే పెరిగాను కాబట్టి తోట కనిపిస్తే లోపలికి పోకుండా ఉండలేను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ నేను తిరిగి అడిగేది ఒకటే: "కాయ ఏ రోజు కోశారో అడిగారా?" స్టిక్కర్ చూసి కాయ ఏ నేలలో పెరిగిందో తెలుసుకోవచ్చు. ముదిరాక కోశారా, లేతగా ఉండగానే కోసేశారా అన్నది దాని మీద ఉండదు. రుచి సగానికి పైగా ఆ రెండో సంగతి మీదే ఆధారపడుతుంది.

ముందు ఈ పేరు కథ. సిసాకెట్ థాయిలాండ్ ఈశాన్యంలో, కంబోడియా సరిహద్దును ఆనుకుని ఉన్న రాష్ట్రం. ఈ దురియన్‌కు 2018లో థాయ్ భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చినట్టే. కంథరాలక్, ఖున్ హాన్, సి రత్తనా అనే మూడు జిల్లాల్లో పండిన కాయకే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంది. రకాలు కూడా మూడే: మోన్‌థాంగ్, చనీ, కాన్ యావ్. "అగ్నిపర్వతం" అంటే పొగలు కక్కే కొండ కోసం వెతకకండి. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల లావా రాయి లక్షల ఏళ్ళపాటు చివికి ఎర్రమట్టి అయింది. వాన కురిస్తే చెప్పులకు జిగటగా అంటుకుంటుంది గానీ చెట్టు మొదట్లో నీళ్ళు నిలవనివ్వదు. గుజ్జులో తడి తక్కువగా, పిండిగా మెత్తగా ఉండడానికి, వాసన కాస్త నెమ్మదిగా ఉండడానికి ఆ నేలే కారణమని ఇక్కడి రైతుల మాట.

ఇది ఇక్కడి పాత పంట కూడా కాదు. 1980ల చివర్లో, తూర్పున రయోంగ్, చాంతబురి వైపు తోటల్ని చూసి వచ్చిన రైతులు మొక్కలు తెచ్చి నాటారు. ముప్పై నలభై ఏళ్ళలోనే పేటెంట్ లాంటి పేరు సంపాదించేశారు. మెచ్చుకోవాల్సిందే.

ఎప్పుడు వెళ్ళాలంటే జూన్‌లో. తూర్పు తోటల కాయ ఏప్రిల్ నుంచే బజారు నింపేస్తుంది, సిసాకెట్ కాయ ఆ తర్వాత వస్తుంది. కాబట్టి ఏప్రిల్‌లో బ్యాంకాక్ ఫుట్‌పాత్ మీద ఎవరైనా "ఫూ ఖావ్ ఫై", అంటే అగ్నిపర్వత దురియన్ అని అరుస్తుంటే నవ్వుకుని ముందుకు నడవండి. బ్యాంకాక్ నుంచి ఉబోన్ వెళ్ళే రాత్రి రైలు సిసాకెట్ స్టేషన్‌లో ఆగుతుంది. విమానమైతే ఉబోన్‌లో దిగాలి. బయల్దేరే ముందు మాత్రం సరిహద్దు వార్తలు చూసుకోండి. 2025 జూలైలో రెండు దేశాల మధ్య కాల్పులు జరిగినప్పుడు కంథరాలక్ జనం ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వచ్చింది, డిసెంబరులో మళ్ళీ అదే టెన్షన్. అటు వెళ్ళొద్దని ప్రభుత్వం చెప్పిన రోజుల్లో సిసాకెట్ టౌన్‌లోనో ఉబోన్‌లోనో కొనుక్కోండి. పండు కోసం సాహసాలు వద్దు.

ఇక కాయ ఎంచడం. థాయ్ వాళ్ళు, మలేషియా వాళ్ళు ఇక్కడే విడిపోతారు. మలేషియాలో చెట్టు మీద పండి, దానంతట అది రాలిన పండే తింటారు. అక్కడి తెలుగు స్నేహితులు మన మోన్‌థాంగ్‌ను చూసి "ఇదేం దురియన్, వాసనే లేదు" అని ఏడిపిస్తారు. థాయిలాండ్‌లో ముదిరిన కాయను చెట్టు మీదే కోసి తర్వాత మాగనిస్తారు. ఒకడు చెట్టెక్కి కాయ కోసి వదిలితే కింద ఇంకొకడు గోనెసంచితో ఒడుపుగా పట్టుకుంటాడు. మూడు నాలుగు కిలోల ముళ్ళకాయ అది, చూస్తుంటేనే గుండె జారుతుంది. కోసే మనిషికి కాయ ముదురు తెలియకపోతే అంతే సంగతులు. లేతగా కోసిన దురియన్ ఎన్నాళ్ళుంచినా సరిగా మాగదు. పైకి మెత్తబడినా లోపల చప్పగా, రబ్బరులా ఉంటుంది.

అందుకే తోటవాళ్ళు పువ్వు విచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు. చనీకి సుమారు 100 నుంచి 110 రోజులు, మోన్‌థాంగ్‌కు 120 రోజులు అటూ ఇటూ. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, గబ్బిలాలు వచ్చి పుప్పొడి అంటిస్తాయి. వాటి మీదే భరోసా పెట్టుకోని రైతులు చీకటి పడ్డాక తలకు లైటు కట్టుకుని, బ్రష్ పట్టుకుని ఆ పని తామే చేస్తారు. ఏ గుత్తి ఏ తేదీది అని కొమ్మకు రంగు తాడు కట్టి గుర్తు పెట్టుకునే వాళ్ళనూ చూశాను. అలాంటి తోటలో కొంటే సగం చింత తీరినట్టే. కాయ ముదిరిందో లేదో తేల్చడానికి ప్రభుత్వం పెట్టిన కొలత కూడా ఉంది: గుజ్జును ఆరబెట్టి తూస్తే మోన్‌థాంగ్‌లో కనీసం 32 శాతం, చనీలో 30 శాతం పొడి పదార్థం మిగలాలి. అంతకన్నా తక్కువుంటే అది లేతకాయ. తెలిసి తెలిసి లేతకాయ అమ్మడం ఇక్కడ శిక్ష పడే నేరం.

బజారులో మన దగ్గర అలా కొలిచే సాధనం ఉండదు కాబట్టి కళ్ళు, వేళ్ళు, చెవులే దిక్కు. మొదట తొడిమ. ముదిరిన కాయ తొడిమ లావుగా, గట్టిగా, వేలితో రాస్తే గరగరలాడుతుంది. తొడిమ మధ్యలో ఒక అతుకులాంటి కణుపు ఉంటుంది, అది బాగా ఉబ్బి ఉండాలి. తొడిమ పచ్చిగా నునుపుగా ఉండి, కోసిన చోట జిగురు కారుతుంటే వదిలేయండి. ముదురుకాయ తొడిమలో ఊరే నీరు పల్చగా, తేటగా ఉంటుంది, నాలుకకు తగిలితే కాస్త తియ్యగా కూడా ఉంటుంది. తొడిమ పూర్తిగా ఎండి వడలిపోయిందంటే కోసి చాలా రోజులైందని అర్థం. తొడిమను మొదలంటా కోసేసి పెట్టిన కాయల దుకాణంలో నేను అసలు ఆగను.

తర్వాత ముళ్ళు. కొనలు ఎండి గోధుమరంగుకు తిరిగి ఉండాలి, ముళ్ళ మధ్య ఎడం పెరిగి ఉండాలి. పక్కపక్కనున్న రెండు ముళ్ళను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి దగ్గరికి నొక్కండి. కాస్త వంగి మళ్ళీ వెనక్కి వస్తే కాయ ముదిరింది. రాయిలా బిగుసుకుని ఉంటే ఇంకా లేత. తొనల మధ్య అతుకు గీతలు పైకి కనిపిస్తున్నాయో లేదో కూడా చూడండి.

ఇక తట్టడం. అమ్మేవాళ్ళ చేతిలో చివర రబ్బరు చుట్టిన కర్ర ఉంటుంది, దాంతో కాయ నాలుగు వైపులా కొడుతూ చెవి ఒగ్గి వింటారు. లోపల డొల్లగా మోగితే గుజ్జు తొక్క నుంచి విడివడిందన్నమాట. గట్టిగా కట్టెను కొట్టినట్టు వినిపిస్తే ఇంకా కాలేదు. ఒక్క కాయను తట్టి ఏమీ తేల్చలేరు. పక్కపక్కనే నాలుగైదు తట్టండి, తేడా మీకే వినిపిస్తుంది.

తొక్క రంగు చూసి మాత్రం మోసపోకండి. బంగారంలా మెరిసే పసుపు కాయ కన్నా మట్టి మరకలతో ఆకుపచ్చగా ఉన్నదే మేలు కావచ్చు. బూజు పట్టకుండా కాయల్ని మందు నీళ్ళలో ముంచే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. 2025 జనవరిలో చైనా థాయ్ దురియన్ మీద బేసిక్ ఎల్లో 2 అనే రంగు పరీక్ష తప్పనిసరి చేసింది కూడా. ఆ గొడవ ఎగుమతి కాయదే అయినా, నేను తోటలోనే కొనడానికి అదొక కారణం.

అమ్మేవాళ్ళతో మాట కలపడం కూడా ఎంపికలో భాగమే. పెద్దావిడైతే "పా" అని, పెద్దాయనైతే "లుంగ్" అని, మనకన్నా కొంచెం పెద్దవాళ్ళయితే "పీ" అని పిలవండి. మన పిన్నీ, బాబాయ్, అక్కా లాగే, పిలుపుతోనే మనిషి మెత్తబడతారు. "ఇది మంచిదేనా?" అని అడిగితే మంచిదనే చెబుతారు, ఎవరు మాత్రం కాదంటారు? దాని బదులు "కిన్ వాన్ నయ్?" అని అడగండి, ఏ రోజు తినాలి అని. ఈ ప్రశ్నకు వ్యాపారం తెలిసినవాళ్ళు కాయ పట్టుకుని, తట్టి, "ఎల్లుండి సాయంత్రం" అన్నంత కచ్చితంగా చెబుతారు. గుటకలు మింగి అటూఇటూ చూస్తే పక్క దుకాణానికి పదండి. ఏ రకం మాగుడు కావాలో కూడా చెప్పాలి. దోరగా, పైన కరకర లోపల మెత్తన కావాలంటే "క్రోప్ నోక్ నుమ్ నయ్" అనండి, సిసాకెట్ కాయకు ఎక్కువమంది అడిగేది అదే. బాగా పండి మీగడలా జారేది కావాలంటే "నిమ్". అతిగా పండి చేదు తిరిగిపోయినదాన్ని ఇక్కడి వాళ్ళు "ప్లా రా", అంటే ఊరవేసిన చేప అని వెక్కిరిస్తారు.

మూడు రకాల్లో ఏది? మొదటిసారి తినేవాళ్ళకు మోన్‌థాంగే. పొడవుగా, అడుగున కొస తేలి ఉంటుంది. గుజ్జు ఎక్కువ, పిక్కలు చాలావరకు వట్టిపోయి ఉంటాయి. గుజ్జు రంగు పాలిపోయినట్టు ఉంటుంది, అది చూసి పండలేదనుకోవద్దు. చనీ గుజ్జు ముదురు పసుపు, వాసన జోరు ఎక్కువ, రుచి కూడా. పాత తరం వాళ్ళు దాని వెంటే పడతారు, నా ఓటూ దానికే. కాన్ యావ్ తొడిమ పొడుగ్గా ఉండి కాయ గుండ్రంగా ఉంటుంది, తక్కువ దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ.

ధర కాయ మొత్తానికి తూస్తారు, గుజ్జుకు కాదు. తోటల దగ్గర నేను కొన్న సీజన్లలో కిలో 150 నుంచి 200 బాత్‌ల మధ్య ఉండేది. మూడు కిలోల కాయలో తినే గుజ్జు ఇంచుమించు మూడో వంతే వస్తుంది. అంటే కిలో 180 లెక్కన 540 బాత్‌లిస్తే చేతికొచ్చేది కిలో గుజ్జు. వొలిచి ట్రేలో పెట్టి అమ్మేదాని ధరతో పోల్చుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. పేరున్న కాయ కాబట్టి భౌగోళిక గుర్తింపు ముద్ర, తోట వివరాల క్యూఆర్ కోడ్ కూడా చూడండి. స్కాన్ చేస్తే తోట వివరాలు రావాలి, వట్టి ఫేస్‌బుక్ పేజీ తెరుచుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కొన్నచోటే వొలిపించుకోవడం అన్నిటికన్నా సుఖం. "కె హయ్ నోయ్" అంటే వొలిచి ఇస్తారు. లోపల బాగోకపోతే అక్కడికక్కడే తేలిపోతుంది, మర్యాదస్తులు మార్చి ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని వొలవాలంటే మందపాటి తోట గ్లౌజులు, లేదా మడతపెట్టిన పాత తువ్వాలు, పొట్టి గట్టి కత్తి చాలు. కత్తిపీట జోలికి వెళ్ళొద్దు, కాయ జారితే ప్రమాదం. కాయను తొడిమ కిందికి వచ్చేలా పెట్టి అడుగు భాగం చూడండి. ముళ్ళన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి, అక్కడి నుంచి ఐదు గీతలు నక్షత్రంలా బయల్దేరతాయి. ఆ గీతలే గదుల అతుకులు. బిందువు దగ్గర కత్తి మొన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే దింపి మెల్లగా తిప్పండి, పండిన కాయ అయితే చిటుక్కుమని పగుళ్ళు ఇస్తుంది. ఇక కత్తి పక్కన పెట్టి, పగులులో వేళ్ళు దూర్చి రెండు చేతులా విడదీయడమే. కత్తి లోతుగా దింపితే తొన కోసుకుపోతుంది. ఒక గది తెరుచుకుంటే మిగతావి దాని వెంటే వస్తాయి. ఎంత తంటాలు పడ్డా రాకపోతే కాయ ఇంకా మాగలేదు, ఒక రోజు ఆగండి.

మాగని కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి మాగడం ఆగిపోయి తొక్క నల్లబడుతుంది. గాలి ఆడే చోట, కాగితం మీద పెడితే రెండు నుంచి ఐదు రోజుల్లో దానంతట అది వాసన పంపి పిలుస్తుంది. వొలిచిన గుజ్జును మూత గట్టిగా పట్టే డబ్బాలో, ఆ డబ్బాను జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచొచ్చు. లేదంటే మర్నాడు పాలూ పెరుగూ అన్నీ దురియన్ వాసనే. ఫ్రీజర్‌లో నెలల తరబడి ఉంటుంది, సగం కరిగాక తింటే అచ్చం ఐస్‌క్రీమే.

వాసనకు భయపడేవాళ్ళకు నా సలహా: దోరగా ఉన్న తొన, ఫ్రిజ్‌లో ఒక గంట చల్లబెట్టి, చిన్న ముక్క. చల్లదనంలో వాసన తగ్గుతుంది, రుచి నిలుస్తుంది. పనసతొన అనుకుని నోట్లో పెట్టుకుంటే తికమక పడతారు. పైకి ముళ్ళున్నాయన్న మాటే గానీ దురియన్‌కు పనసతో చుట్టరికం లేదు, ఇది మన పత్తి, బెండ, బూరుగు కుటుంబం. కరకరలాడే తీపి ఉండదు, జున్నుకూ బాదం ముద్దకూ మధ్య ఎక్కడో ఉంటుంది రుచి.

మిగిలిపోతే జిగురు బియ్యంతో చేసుకోండి. జిగురు బియ్యం రాత్రి నానబెట్టి ఆవిరి మీద ఉడికించాలి. వేడిగా ఉండగానే చిక్కటి కొబ్బరి పాలు, పంచదార, చిటికెడు ఉప్పు కలిపి వెచ్చబెట్టి అందులో పోసి మూతపెట్టాలి. ఇంకో గిన్నెలో కొబ్బరి పాలు కొద్దిగా ఉప్పు, పంచదారతో గోరువెచ్చగా చేసి, స్టవ్ ఆపాకే దురియన్ ముక్కలు వేయండి. మరిగిస్తే గుజ్జు పీచుపీచుగా విడిపోతుంది, వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. మా అత్తగారు వచ్చినప్పుడు పంచదార బదులు తాటిబెల్లం వేశారు, ఇప్పుడు మా ఇంట్లో అదే పద్ధతి. పిక్కలు పారేయకండి. ఉప్పు వేసి అరగంట ఉడికించి తొక్క తీస్తే పనసపిక్కల్లాగే తినొచ్చు. పచ్చివి మాత్రం తినకూడదు.

ఎంత తినాలి? వంద గ్రాముల గుజ్జులో సుమారు 147 కేలరీలు, 430 మిల్లీగ్రాముల పైన పొటాషియం ఉంటాయి. మంచి తొనలు రెండు తింటే భోజనం చేసినంత. షుగర్ ఉన్నవాళ్ళు ఒక ముక్కతో ఆపండి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. వేడి చేస్తుందని ఇక్కడివాళ్ళు కూడా అంటారు, అందుకే తర్వాత మాంగోస్టీన్ తింటారు. మద్యం, దురియన్ కలిపి పుచ్చుకోవద్దన్న మాటకు మాత్రం కొంత శాస్త్ర ఆధారం ఉంది. ఒంట్లో ఆల్కహాల్ నుంచి పుట్టే విషపదార్థాన్ని విరిచే ఒక ఎంజైమ్‌ను దురియన్ సారం బాగా అణచివేస్తుందని 2009లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగశాలలో చూపించారు. బీరు పార్టీకి దురియన్ తెచ్చే బావగారు ఉంటే ఈ పేరా చదివి వినిపించండి.

తిన్నాక చేతుల వాసన పోవాలంటే ఖాళీ తొక్క లోపలి గుంటలో నీళ్ళు పోసి అందులో చేతులు రుద్దుకోవాలి. థాయ్ ఇళ్ళలో చేసేదే, సబ్బు కన్నా బాగా పనిచేస్తుందని అంటారు. తొక్కలు అదే రోజు కవర్లో కట్టి బయటపెట్టండి. హోటల్ గదిలోకి తీసుకెళ్తే చాలాచోట్ల జరిమానా వేస్తారు, రిసెప్షన్ దగ్గర గీత కొట్టిన దురియన్ బొమ్మ ఉంటే వాదించకండి. బ్యాంకాక్ మెట్రో రైళ్ళలోనూ ఎక్కనివ్వరు.

ఇండియాకు తాజా కాయ తీసుకెళ్ళే ఆలోచన మానుకోండి. విమానంలో వాసన గొడవ ఒకటి, పైగా తాజా పళ్ళకు మన క్వారంటైన్ అనుమతి కాగితాలు కావాలి. చలిలో ఆరబెట్టి సీల్ వేసిన దురియన్ ముక్కల ప్యాకెట్లు తీసుకెళ్ళండి, రుచి దాదాపు అలాగే ఉంటుంది. మాగని పచ్చి మోన్‌థాంగ్‌తో వేయించిన చిప్స్ అయితే వాసనే ఉండదు, మా నాన్న అవి అరటికాయ చిప్స్ అనుకునే తింటారు, నేనూ దిద్దను. ప్యాకెట్ మీద తయారీ తేదీ, పంట పేరు చూసి తీసుకోండి. కోస్తా తేమలో విప్పిన ముక్కలు సాయంత్రానికల్లా మెత్తబడిపోతాయి కాబట్టి చిన్న ప్యాకెట్లే నయం.